మా మిరప చేలో టేకాఫ్

మా మిరప చేను రన్‌వే అయిన సంగతి మాకెవరూ ముందుగా చెప్పలేదు. చెప్పే ఆనవాయితీ లేదని తర్వాత తెలిసింది.

మా ఊరి పొలాల పక్కన ఒక విమాన శిక్షణ అకాడమీ ఉంది. ఇద్దరు కూర్చునే చిన్న విమానాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా తలల మీద తిరుగుతుంటాయి. వాళ్ళ రన్‌వే ఆగిపోయే చోట ఇనుప కంచె ఉంటుంది. కంచె అవతల మా చేను. అకాడమీ గేటు ముందు పెద్ద బోర్డు మీద "ఈ సంవత్సరం ఘటనలు: సున్నా" అని రాసి ఉంటుంది. ఆ సున్నాకు రోజూ పూలదండ వేస్తారు. ఆ ఏడాదికి వాళ్ళు సున్నా సంవత్సరం అని పేరు పెట్టుకున్నారు. సిబ్బందికి సున్నా బొమ్మ టోపీలు పంచారు. ఎదురుపడితే నమస్కారానికి బదులు "సున్నా సార్" అనుకునేవారు. సున్నాను ఏడాది పొడుగునా కాపాడుకున్న అకాడమీకి రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చి పతకం ఇస్తాడు.

ఆ పతకం ఇచ్చే సభకు ఇంకా వారం ఉందనగా విమానం మా చేలోకి వచ్చింది.

మొదటి కోత అయిపోయి, రెండో కోతకు కాయ నిండుగా పండి ఉంది. నాన్న కోతమిషను నడపడానికి పక్క జిల్లాకు వెళ్ళాడు. చేను బరువంతా అమ్మ మీదే ఉంది. ఈ కోత చేతికొస్తే నన్ను టౌన్లో ఇంటర్లో చేర్చాలని, రాకపోతే పదితో ఆపెయ్యాలని ఇంట్లో అనుకున్నారు. ఆ సాయంత్రం అమ్మా నేనూ గట్టు మీద నిలబడి, మర్నాడు కూలీలను ఏ సాలు నుంచి దించాలా అని చూస్తున్నాం. రన్‌వే మీద ఒక విమానం పరుగెత్తుకొస్తోంది. ఎప్పుడూ కంచెకు చాలా ముందే గాలిలోకి లేచేది. అది లేవలేదు. బ్రేకుల కీచు వినబడింది. కంచె తెగింది. విమానం మిరప సాళ్ళను దున్నుకుంటూ వచ్చి చేను నడుమ ముక్కు వంచి ఆగింది.

ప్రొపెల్లర్ తిరిగినంతసేపూ పండు కాయల్ని తరిగి గాలిలోకి విసిరింది. అంత కారం ఒక్కసారి లేవడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. తలుపు తీసుకుని ఒక అబ్బాయి బోరున ఏడుస్తూ దిగాడు. భయపడ్డాడనుకున్నాం. మేమూ ఏడుస్తున్నామని కాసేపటికి గానీ తెలియలేదు.

"దెబ్బలేమన్నా తగిలినాయా బాబూ?" అంది అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"లేదాంటీ. సారీ. మీ చేను..."

"చేను సంగతి తర్వాత. ముందు ఆ చేతుల్తో కళ్ళు నులుముకోమాక."

ఆ అబ్బాయి పేరు రిత్విక్. పైలట్ లైసెన్సుకు ఆఖరి మెట్టు మీద ఉన్నాడు. వేగం చూపించే ముల్లు కదలకపోతే టేకాఫ్ ఆపెయ్యాలని వాళ్ళకు నేర్పిస్తారట. ముల్లు కదల్లేదు, ఆపేశాడు. కాకపోతే కాస్త ఆలస్యంగా చూశాడు. ఇదంతా తుమ్ముల మధ్య చెప్పాడు.

ఈలోగా జీపు వచ్చింది. అందులోంచి అకాడమీ డైరెక్టర్ పరాంకుశం గారు సున్నా టోపీతో దిగారు. విమానం వైపు చూడలేదు, పైలట్ వైపు చూడలేదు. గేటు బోర్డు ఉన్న దిక్కుకు ఒకసారి చూసి, "చెప్పండి" అన్నారు.

"స్పీడు రీడింగ్ రాలేదు సార్. టేకాఫ్ రద్దు చేశాను. బ్రేకులు వేసినా ఆగక రన్‌వే దాటి..."

"ఒక్క నిమిషం." డైరెక్టర్ గారు చెయ్యి ఎత్తారు. "రద్దు, దాటి. ఈ రెండు పదాలు సున్నా సంవత్సరంలో లేవు. మీరు టేకాఫ్ మొదలుపెట్టారా?"

"పెట్టాను సార్."

"విమానం లేచిందా?"

"లేదు సార్."

"మొదలైన పని పూర్తి కాకపోతే దాన్ని ఏమంటారు? జరుగుతోంది అంటారు. టేకాఫ్ జరుగుతోంది." ఆయన పక్కనున్న ఆఫీసరు వైపు తిరిగారు. "రాసుకోండి. టేకాఫ్ ఎక్కడ జరుగుతుంది?"

"రన్‌వే మీద సార్."

"కాబట్టి ఇది రన్‌వే."

ఆఫీసరు రాసుకున్నాడు. మేము నిలబడ్డ గట్టు కూడా అందులోకి వచ్చిందేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"మరి టేకాఫ్ మధ్యలో పైలట్ కింద ఏం చేస్తున్నాడు?" అన్నారు డైరెక్టర్ గారు బాధగా. "సభ అయ్యేదాకా సీట్లో ఉండండి. మర్నాడు మీ లైసెన్సు కాగితాల మీద సంతకం చేసే మనిషిని నేనే."

రిత్విక్ మళ్ళీ విమానం ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

మర్నాడు కూలీలతో వెళ్ళేసరికి మిరప మొక్కల మీదుగా సున్నంతో తెల్ల గీతలు గీసి ఉన్నాయి. "రన్‌వే. టేకాఫ్ జరుగుచున్నది. ప్రవేశం నిషిద్ధం" అని బోర్డు పాతారు. బోర్డు కింద మస్తాన్‌వలి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మస్తాన్‌వలిది మా వీధే, అకాడమీలో సెక్యూరిటీ గార్డు. నిన్నటి దాకా డ్యూటీకి పోతూ పోతూ అన్నంలో నంజుకోడానికి మా చేలో నాలుగు కాయలు తుంచుకుపోయేవాడు.

"అక్కా, ఆగాల. టేకాఫ్ నడుస్తాంది."

"యాడ నడుస్తాందిరా? అదేడ కూలబడిందో అక్కడే ఉంది గదా."

"మనకి కనపడదక్కా. అది సాంకేతికం."

"నా చేలోకి నేను పోవడానికి నీ పెత్తనమేందిరా మస్తానూ?"

"చేను నీదే. కాదన్లా. కానీ ఇప్పుడది రన్‌వే డ్యూటీలో ఉంది. నేను డ్యూటీలో ఉంటే మా ఇంటిది కూడా నన్ను పిలవదు, అట్టా అనుకో."

కూలీల్లో అందరికన్నా నోరున్న మరియమ్మ అత్త, "మస్తానయ్యా, నీ రన్‌వే మీద కందిరీగలు తిరుగుతున్నయ్, వాటికి చెప్పినావా?" అంది. మస్తాన్‌వలి కందిరీగల వైపు చూసి, అవి తన పరిధిలోకి రావన్నాడు.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళింది. గది గోడ నిండా ఒకే ఒక్క సున్నా ఉంది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. మా ఊళ్ళో ఏ ఆఫీసులోనూ అంత మర్యాద జరగలేదు. అప్పుడే నాకు పని కాదని అర్థమైంది.

"కోతకు మాకేమీ అభ్యంతరం లేదమ్మా. టేకాఫ్ ముగిసిన మరుక్షణం కోసుకోండి."

"అదెప్పుడు ముగుస్తదయ్యా?"

"విమానం లేవగానే."

"దాని ముక్కు నేలలో దిగబడింది గదయ్యా. అదేం లేస్తది?"

"చూడండి సామ్రాజ్యం గారూ, లేవకపోవడం వేరు, లేవడంలో జాప్యం వేరు. మొదటిది ఘటన. రెండోది మా రంగంలో రోజువారీ వ్యవహారం."

"ఈ వారంలోనే వాన అంటన్నారు టీవీలో. పండిన కాయ మీద వాన పడితే ఏమైతదో మీకు తెల్వదు."

"వాన వస్తే టేకాఫ్ ఇంకాస్త జాప్యం కావచ్చు," అని డైరెక్టర్ గారు విచారించారు. "మేమూ మీతో పాటే నష్టపోతున్నాం."

బయటికొచ్చాక అమ్మ గేటు దాకా గబగబా నడిచింది. తర్వాత, "నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నయ్యే," అంది.

ఈలోగా రిత్విక్ ఆకలి సమస్య వచ్చింది. టేకాఫ్ సమయంలో భోజనం వడ్డించడం నిబంధనలకు విరుద్ధమట. మొదటి రోజు ఎవరూ ఏమీ పెట్టలేదు. రెండో రోజు అమ్మ క్యారేజీ పట్టుకుని బోర్డు దాకా వెళ్ళి, "ఆ పిల్లోడు పడిపోతే అది ఏ లెక్కలోకి వస్తది?" అని అడిగింది. మస్తాన్‌వలి ఫోన్ చేశాడు. పడిపోవడం ఘటన కిందికే వస్తుందని అకాడమీ కంగారుపడింది. సిబ్బంది తప్ప ఎవరూ టేకాఫ్ అవుతున్న విమానం దగ్గరికి వెళ్ళకూడదు కాబట్టి, అమ్మను తాత్కాలిక విమాన సిబ్బందిగా తీసుకున్నట్టు గంటలో ఉత్తర్వు వచ్చింది. మెడలో వేసుకోవడానికి కార్డు ఇచ్చారు.

అప్పటి నుంచి అమ్మ పూటపూటా ఒకే సాలు వెంట నడిచి వెళ్ళి, గోంగూర పచ్చడి అన్నం పెట్టి, అదే సాలు వెంట తిరిగి వచ్చేది. అటూ ఇటూ కాయ వేలాడుతూ చీరకు తగిలేది. కోయకూడదు. వచ్చేటప్పుడు మస్తాన్‌వలి క్యారేజీ మూత తీసి చూసేవాడు.

"సొంత చేలో కాయ దొంగతనం చేస్తానంటరా?"

"రూలక్కా. నన్నేం చేయమంటావ్. నిన్న నా డబ్బా కూడా నేనే చూసుకున్నా."

మూడో రోజు విస్తరించిన రన్‌వేను తనిఖీ చెయ్యడానికి విమానయాన శాఖ పరిశీలకుడు ఉదయభాస్కర్ గారు వచ్చారు. కొత్త రన్‌వేకు అనుమతి పత్రం లేకపోతే పతకానికి అడ్డమట. ఆయన బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని చేలోకి దిగారు. వెనకాల డైరెక్టర్ గారు, ఆ వెనక కార్డు వేసుకున్న అమ్మ. నేను గట్టు మీద నుంచి విన్నాను.

"ఉపరితలం?"

"సేంద్రియం సార్," అన్నారు డైరెక్టర్ గారు.

"అడ్డుగా ఈ మొక్కలు?"

"అడ్డు కాదు సార్. మెత్తదనం. విమానం ఎంత సుకుమారంగా ఆగిందో... నిదానించిందో చూడండి."

పరిశీలకుడు తల ఊపారు. హఠాత్తుగా ఆగి, కళ్ళజోడు సవరించుకుని చేను మొత్తం కలియజూశారు. రన్‌వే చివర ఎర్రని గుర్తులుండాలని, అవి చూసే పైలట్ ఇక దారి లేదని తెలుసుకుంటాడని మాకు అప్పుడే తెలిసింది. చిన్న విమానాశ్రయాల్లో ఆ గుర్తుల్ని ఎవరూ సరిగా పెట్టరట. ఇక్కడ వేలకు వేలు ఉన్నాయి.

"పరాంకుశం గారూ, ఇంత ఎరుపు నేను నా సర్వీసులో చూడలేదు."

"దూరదృష్టితో నాటించాం సార్."

"నాటింది మేమయ్యా," అంది అమ్మ.

"సిబ్బంది సహకారం," అన్నారు డైరెక్టర్ గారు.

అనుమతి పత్రం అక్కడికక్కడే ఇచ్చేశారు. కింద ఒక షరతు ఉంది. ఎర్ర గుర్తులను తొలగించుట, తుంచుట, సంచులలో నింపుట నేరము.

అమ్మ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. "అయ్యా, కోయకపోతే కాయ ఎర్రగానే ఉంటదని ఎవరు చెప్పారు మీకు? ఎండకి ఎండి, వానకి తడిసి తాలైపోతది. తెల్లగా పాలిపోద్ది. అప్పుడు మీకూ ఎరుపు ఉండదు, నాకూ కాయ ఉండదు."

పరిశీలకుడు ఈ మాటను చాలా శ్రద్ధగా విన్నారు. పుస్తకం తీసి చూసుకున్నారు. "ఎర్ర గుర్తులు లేని చోట రన్‌వే ముగిసినట్టు కాదు. అంటే ఇవి తెల్లబడితే రన్‌వే ఇంకా ముందుకు ఉందని అర్థం. మళ్ళీ ఎరుపు కనపడేదాకా."

మళ్ళీ ఎరుపు మా పక్క చేను బ్రహ్మయ్య బాబాయిది. ఆ తర్వాతది ఆయన తమ్ముడిది. వరసగా మిరపే. ఆఖరి చేను దాటితే రైలు గేటు, దాని మీద ఎర్ర దీపం.

ఆ సాయంత్రానికే కబురు ఊరంతా పాకింది. బ్రహ్మయ్య బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సామ్రాజ్యం, నీ కాయ తెల్లబడకుండా చూసుకో. నా చేను మీదికొస్తది."

"కోసుకోనిస్తే నేనెందుకు తెల్లబడనిస్తా బ్రహ్మయ్యా?"

"కోస్తే ఎరుపు పోద్ది గదా. అప్పుడూ నా మీదికే వస్తది."

"అయితే ఏం చేయమంటావు?"

బాబాయి ఆలోచించాడు. "ఉన్నదున్నట్టు ఉంచలేవా?" అన్నాడు.

మా అమ్మతో జీవితంలో కోపంగా మాట్లాడని మనిషి. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం మా గట్టు మీద నిలబడి కాయ రంగు చూసుకుని పోయేవాడు. అకాడమీ వాళ్ళకు ఇది చూసి ముచ్చటేసింది. ప్రజలు రన్‌వే భద్రతలో స్వచ్ఛందంగా పాల్గొంటున్నారని సభలో చదవబోయే నివేదికలో చేర్చారు.

సభ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికే పడమట నల్లగా కమ్ముకుంది. అకాడమీ మైకులో నాదస్వరం రికార్డు వేశారు. ముఖ్య అతిథి కారులో వచ్చాడు. అమ్మ క్యారేజీ తీసుకుని విమానం దగ్గరికి బయల్దేరుతూ నన్నూ రమ్మంది. మస్తాన్‌వలి నన్ను ఆపబోయి, మబ్బు వైపు చూసి, ఆపలేదు.

రిత్విక్ గడ్డం పెరిగి ఉంది. అన్నం కలపకుండా మబ్బునే చూస్తున్నాడు.

"వాన పడితే ఈ కాయ ఏమవుతుందాంటీ?"

"మచ్చలొస్తయ్. రెండ్రోజుల్లో కుళ్ళుద్ది."

"మొత్తమా?"

"మొత్తమే. నువ్వు తిను బాబూ. నీకు రేపు సంతకమంటగా. ఏడాది కష్టం. ఈ పిల్ల చదువు మళ్ళీ ఏడు చూసుకుంటంలే." అమ్మ మాట చెప్పినంత తేలిగ్గా లేదు. మొహం అటు తిప్పుకుని మజ్జిగ గ్లాసు వెతికింది.

రిత్విక్ నా వైపు చూసి, ఏ గ్రూపు తీసుకుంటావని అడిగాడు. ఎంపీసీ అన్నాను. ఆ మాట గట్టిగా అనలేకపోయాను. అతను క్యారేజీ పక్కన పెట్టి రేడియో అందుకున్నాడు.

"టవర్, టేకాఫ్ రద్దు చేస్తున్నాను. విమానం రన్‌వే దాటి పొలంలో ఉంది."

కాసేపు గరగర. "వినపడలేదు."

"టేకాఫ్ రద్దు. రన్‌వే దాటాను."

"వినపడలేదు."

"రద్దు చేశాను సార్. వారం కిందే రద్దు చేశాను."

"మీరు చెప్పేది ఈ రోజు వినపడే అవకాశం లేదు," అంది టవర్ మర్యాదగా. "రేపు ఉదయం తొమ్మిది దాటాక ప్రయత్నించండి. టేకాఫ్ కొనసాగించండి."

రిత్విక్ బెల్టు తీసేశాడు. వారంగా కూర్చున్న కాళ్ళు నిలబడలేక రెక్క పట్టుకున్నాడు. మెల్లగా వంగి, మొదటి మొక్కకున్న కాయ తెంపి, ఎక్కడ వెయ్యాలో తెలియక అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు పట్టింది.

మస్తాన్‌వలి బోర్డు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ సీటు చూశాడు. ఫోన్ తీశాడు. అవతల మైకు మోత, చప్పట్లు మాకూ వినిపిస్తున్నాయి.

"సార్, పైలట్ విమానం దిగి కాయలు కోస్తన్నాడు సార్."

"పైలట్ విమానంలో ఉన్నాడు," అన్నారు డైరెక్టర్ గారు గొంతు తగ్గించి. "నేను ఇప్పుడే సభలో చెప్పాను. టేకాఫ్ సజావుగా జరుగుతోంది, రన్‌వే మీద ఎవరూ లేరు. అవునా కాదా?"

మస్తాన్‌వలి మా ముగ్గురినీ చూశాడు. రోడ్డు మీద సంచులు చంకన పెట్టుకుని వారం రోజులుగా పని లేక తిరుగుతున్న కూలీలను చూశాడు. ఉద్యోగం పోతుందన్న భయం అతని మొహంలో వచ్చి, కాసేపు నిలబడి, మెల్లగా పోయింది.

"అవున్సార్. ఎవురూ లేరు."

ఫోన్ జేబులో పెట్టుకుని, మరియమ్మ అత్త వైపు చెయ్యి ఊపాడు. "ఏందక్కా అట్టా చూస్తన్నారు. రన్‌వే మీద ఎవురూ లేరంట. దిగండి."

అందరం దిగాం. బ్రహ్మయ్య బాబాయి గట్టు మీద నిలబడి, ఎర్ర గుర్తులు మాయమైపోవడం చూసి లబోదిబోమన్నాడు.

"ఎవురూ లేని చోట ఎవురు కోస్తున్నారు బ్రహ్మయ్యా," అంది మరియమ్మ అత్త తల ఎత్తకుండా. "నువ్వూ దిగు, నువ్వూ కనపడవు."

బాబాయి కాసేపు తర్కించుకుని, పంచె ఎగ్గట్టి దిగాడు. అవతల మైకులో పరాంకుశం గారు ఏడాది పొడుగునా తాము చూడని ఘటనల గురించి ఉపన్యసిస్తున్నారు. మధ్యలో అకాడమీ ఆఫీసరు ఫోన్ చేస్తే మస్తాన్‌వలి ఒక చేత్తో కోస్తూ, రెండో చేత్తో ఎత్తి, "ఖాళీగా ఉంది సార్, పిట్ట కూడా లేదు" అని చెప్పాడు. పతకం ఇచ్చినప్పటి చప్పట్లతో పాటే మొదటి చినుకులు పడ్డాయి.

పడమటి సాళ్ళు దక్కలేదు. మిగతాదంతా టార్పాలిన్ పట్టా కప్పి కళ్ళం చేర్చాం. ఇంటర్ సంగతి అమ్మ ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి టౌన్లో హాస్టళ్ళ గురించి అడిగింది.

మర్నాడు తొమ్మిది దాటాక రిత్విక్ టవర్ దగ్గరికి వెళ్ళి టేకాఫ్ రద్దు చేశానని చెప్పాడు. టేకాఫ్ మధ్యలో ఉన్న పైలట్ ఆఫీసులో నిలబడి మాట్లాడటం కుదరదని, దిగాక రమ్మని పంపేశారు. లైసెన్సు కాగితాలు డైరెక్టర్ గారి బల్ల మీదే ఉన్నాయి, సంతకం లేకుండా. అతను బస్సెక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరు చేరాక ఫోన్ చేసి, ఇంకో చోట మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటానని అమ్మకు చెప్పాడు.

ఆ వారంలోనే అకాడమీ నుంచి ఒక ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. కొత్త ఏడాది కూడా సున్నా సంవత్సరమే అని ప్రకటించారట. విమానం చేలోనే ఉంది, టేకాఫ్ జరుగుతోంది, సీట్లో మనిషి లేడు. చదువుకున్న పిల్ల, సిబ్బంది కుటుంబం, ఎక్కువ మాట్లాడదు అని నా పేరు పరిశీలనకు వచ్చిందని చెప్పాడు. ఎగరడం రానక్కర్లేదు, బెల్టు పెట్టుకుని కూర్చుంటే చాలు, జీతం ఉంటుంది.

అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"మా పిల్ల చదువుకోవాలయ్యా," అంది. "ఊరికే కూసునే పనైతే మీ డైరెక్టరు గారికి చెప్పండి. ఆయనకి అలవాటే గదా."